వీరబాబు పెరట్లో చలిగుట్ట

ఆస్ట్రేలియాలోని గంగాలిన్‌లో ఆ ఏటి చలి ఎలా ఉందంటే, శేషుకుమారి కొబ్బరినూనె సీసాని బొడ్లో దోపుకుని తిరిగేది. అలా దోపుకోకపోతే నూనె తెల్లటి రాయైపోయేది. దోపుకున్నా అంచులు కాస్త మెత్తబడేవి గానీ సీసా వంచితే చుక్క రాలేది కాదు. నరసాపురంలో పుట్టి పెరిగిన మనిషి, ఇలాంటి చలి ఒకటుంటుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేది. పొద్దున్నే గడ్డి మీద ఎవరో ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంటుంది. కాలు పెడితే అప్పడం విరిగినట్టు కరకరమంటుంది. మొదటిరోజు అది చూసి ఆవిడ నోరు తెరిచింది. ఆ తెరిచిన నోట్లోంచి పొగ వచ్చేసరికి భయపడి మూసేసుకుంది.

నూనె ఎవరికోసమని? మనవరాలి కోసం. కూతురు ఉదయశ్రీకి ఆడపిల్ల పుట్టి నెల దాటింది. ఇంతవరకూ ఆ పిల్లకి ఒళ్ళంతా నూనె మర్దించి, కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నాలుగు చెంబులు నీళ్ళు పోసింది లేదు. ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాసు హీటరు, తల్లీపిల్లా ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే మొరాయించింది. చూడ్డానికి వచ్చినవాడు, దీన్ని మళ్ళీ వెలిగిస్తే ఇంట్లోకి విషపుగాలి వస్తుందని ఎర్రకాగితం అంటించి పోయాడు. అప్పట్నుంచీ ఒక్క గదిలో చిన్న కరెంటు హీటరు పెట్టుకుని అందరూ దాని చుట్టూ మూగడమే. పిల్లకి తడిగుడ్డతో తుడుపే. గుడ్డ తగలగానే పెదాలు నీలంగా మారి గుక్కపట్టేది. అది చూసి అమ్మమ్మకి అన్నం సయించేది కాదు.

అల్లుడు శివప్రసాద్ రెండిట్లో ఏదో ఒకటి తేల్చాలి. మళ్ళీ గ్యాసు హీటరే పెట్టించాలా, లేక హీట్ పంప్ అని కొత్తగా అందరూ అనుకుంటున్న యంత్రం పెట్టించాలా అని. పనివాడు ఇవాళ మధ్యాహ్నం ఫోన్ చేస్తానన్నాడు. ఇవాళ తేల్చకపోతే వాడు ఇంకొకళ్ళ పని ఒప్పుకుంటాడు, మళ్ళీ మన వంతు వచ్చేసరికి చలికాలమే అయిపోతుంది.

"గ్యాసూ లేకుండా, నిప్పూ లేకుండా వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది బాబూ?" అని అడిగింది శేషుకుమారి.

"బయటి గాలిలోంచి లాక్కుంటుందట అత్తయ్యగారూ."

"ఏ బయట? ఈ బయటేనా?" అని కిటికీలోంచి తెల్లబడ్డ గడ్డివైపు చూపించింది.

"అక్కణ్ణుంచే."

చదువుకున్న అల్లుణ్ణి ఎవరో మోసం చేస్తున్నారని ఆవిడ గట్టిగా అనుకుంది.

పక్కింట్లో వీరవెంకటసత్యనారాయణ ఉన్నాడు. అంత పేరు ఆస్ట్రేలియాలో ఎవరు పిలుస్తారు గనక, అందరికీ వీరబాబే. భీమవరం మనిషి. ఆ వీధిలో హీట్ పంప్ పెట్టించుకున్నది ఆయనొక్కడే. చూసినవాణ్ణి అడిగితే సరిపోతుందని శివప్రసాద్ అత్తగారిని తీసుకుని బయల్దేరాడు. ఎండ వచ్చింది కదా, పిల్లకీ కాస్త తగులుతుందని ఆవిడ మనవరాల్ని శాలువాలో చుట్టి ఎత్తుకుంది.

వీరబాబు వాకిట్లోనే దొరికాడు. వరండాలో ఎండ పడేచోట నాలుగు కుర్చీలు వేసుకుని, మెడదాకా రగ్గు కప్పుకుని కూర్చున్నాడు. పక్కన ఇమాద్, ఎదురింటి కుర్రాడు, హైదరాబాద్ వాడు, ఏదో ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తాడు. అతను ముక్కుదాకా మఫ్లరు చుట్టుకున్నాడు.

"రండి పిన్నిగారూ, రండి. లోపలికి రమ్మనేవాణ్ణే గానీ లోపల కూచోలేరండి. ఉక్క! చంటిపిల్లతో అసలే కూచోలేరు. అందుకే బయటేశాను కుర్చీలు" అన్నాడు వీరబాబు.

తలుపు సందులోంచి ఆయన భార్య మంగళ చెయ్యి ఒకటి బయటికొచ్చి టీ ఫ్లాస్కు గుమ్మం మీద పెట్టి లోపలికి పోయింది. ఆ చేతికి ఊలు గ్లౌజు ఉంది. తలుపు టక్కున మూసుకుంది.

"ఉక్కలో గ్లౌజులెందుకు అంకుల్?" అన్నాడు ఇమాద్.

"చెమట పట్టి జలుబు చేసిందయ్యా ఆవిడకి. డాక్టరు చేతులు కప్పుకోమన్నాడు."

శేషుకుమారి పాపం అనుకుంది.

శివప్రసాద్ సంగతి చెప్పాడు. వీరబాబు టీ ఒక గుక్క తాగి, రగ్గు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"నేనేం పెద్ద ఘనకార్యం చెయ్యలేదండి. అందరూ కాగితాలు చూసి కొంటారు, నేను ఫ్రిజ్ వెనక చెయ్యిపెట్టి చూసి కొన్నాను, అంతే తేడా. మీరూ ఇంటికెళ్ళి పెట్టి చూడండి పిన్నిగారూ, వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం ఎక్కడిది? లోపల పెట్టిన పాలలోది, వంకాయల్లోది, నిన్నటి పప్పులోది. చల్లటి పెట్టెలోంచే వేడి లాగి వెనక్కి పారేస్తోందా లేదా? ఇదీ అంతే. ప్రపంచాన్నంతా ఫ్రిజ్ చేసి మనింట్లోకి వెనకభాగం తిప్పుతారన్నమాట."

"నువ్వెన్ని చెప్పు నాయనా, చలిగాలిలో వేడుంటుందంటే మాత్రం నేను నమ్మలేను. లేనిదాన్ని ఎలా లాగుతారు?" అంది శేషుకుమారి.

"ఆయ్, నేనూ అదే అడిగానండి ఆ అమ్మేవాణ్ణి! వాడు ఆస్ట్రేలియా వాడు, ఆరడుగుల మనిషి. ఒరే బాబూ, నాకు ఎండలో చూపించకు, నీళ్ళు గడ్డకట్టిన రోజు పొద్దున్నే వచ్చి చూపించు అన్నాను. వచ్చాడు. కారు దిగేసరికి వాడి మీసం గడ్డకట్టింది. మీట నొక్కాడు. టీ కాచుకునేంత సేపయిందో లేదో, వాడి మీసం కరిగి చొక్కా తడిసిపోయింది. అదీ మొదటిరోజు సంగతి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అంది శేషుకుమారి, చెయ్యి తెలియకుండానే బొడ్లో సీసా మీదికి పోయింది.

"అల్మారాలో మా కొబ్బరినూనె డబ్బా ఉందండి. రాయిలా ఉండేది. స్క్రూడ్రైవర్ పెట్టి తవ్వుకునేవాణ్ణి తలకి. మర్నాడు పొద్దున్న చూస్తే కరిగింది. కరిగితే బాగానే ఉంది, సాయంత్రానికి మరిగింది! మంగళ చూసి, ఎలాగూ మరుగుతోంది కదా అని అరటికాయ బజ్జీలు వేసేసింది అందులోనే."

"అల్మారాలోనా అంకుల్?" ఇమాద్ మఫ్లరు కిందికి లాక్కున్నాడు.

"అల్మారాలోనే. స్టవ్వు ముట్టించలేదు. నువ్వు తిన్లేదూ ఆ రోజు?"

"నాకెప్పుడు పెట్టిన్రు అంకుల్ బజ్జీలు?"

"మర్చిపోయుంటావ్. ఇడ్లీపిండి సంగతి వినండి పిన్నిగారూ. ఇక్కడ పిండి పులవాలంటే మీకు తెలుసుగా, గిన్నెకి స్వెట్టరు తొడిగి, దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. మంగళ అలవాటు కొద్దీ రాత్రి పిండి రుబ్బి హాల్లో పెట్టింది. పొద్దున్నకి పొంగింది. మూత ఎత్తేసింది. గిన్నె దిగింది. హాలు దాటింది. నేను లేచి చూసేసరికి వీధితలుపు దగ్గర నిలబడి ఉందండి, బయటికి పోదామని! పారపెట్టి వెనక్కి తోశాను. ఆ పిండితో గంగాలిన్‌లో తెలుగువాళ్ళందరికీ వారం రోజులు టిఫిన్లు."

"అయ్యో, ఎంత కష్టం వచ్చింది మంగళకి. అంత పిండికి చట్నీ ఎలా చేసింది?" అంది శేషుకుమారి. ఆవిడ నిజంగానే కంగారుపడింది.

ఇమాద్ పకపకా నవ్వాడు. శివప్రసాద్ అత్తగారి ముందు నవ్వలేక టీలోకి చూశాడు. వీరబాబుకి మాత్రం ఉత్సాహం వచ్చేసింది. తనమాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఆయనకి ఈ మధ్య ఎవరూ దొరకలేదు. రగ్గు భుజాల మీంచి జారిపోయినా ఎత్తుకోలేదు.

"ఇంటి లోపలి సంగతి సరే. అసలు మహిమంతా ఇంటి పక్కనుందండి. బయట పెట్టే డబ్బా ఉంటుంది చూడండి, ఫ్యాను తిరుగుతూ. భీమవరంలో ఏసీ డబ్బా వెనక్కి వెళ్తే వేడిగాలి మొహాన కొట్టదూ? బట్టలు ఆరేసుకునేవాళ్ళం దాని ముందు. ఆ గాలి ఊరికే పోతోంది కదా అని కరివేపాకు కుండీ తీసుకెళ్ళి దాని ముందు పెట్టాను. ఈ ఊళ్ళో కరివేపాకు బతకడమంటే మాటలా? మా మొక్క ఆ వేడికి లేచింది చూడండీ... మొదటివారం కిటికీ అందుకుంది, రెండోవారం చూరు అందుకుంది, ఇప్పుడు కప్పు మీద పడి కొమ్మలు ట్రాము పట్టాల దాకా పోయాయి. ట్రాము ఆపుకుని దిగి కోసుకుంటున్నారు జనం. తాలింపుకి చాలినంత కోసుకోండి, కొమ్మ విరవకండి అని నేనే చెప్పాల్సొస్తోంది."

"నేను రోజూ ట్రాములోనే పోతా ఆఫీసుకి..." అన్నాడు ఇమాద్.

"నువ్వు ఫోన్ చూసుకుంటూ పోతావ్, నీకేం కనపడుద్ది? కంగారూలకి కనపడిందయ్యా! కొండ మీది కంగారూలన్నీ తెల్లారేసరికి వచ్చి ఆ డబ్బా ముందు వీపులు తిప్పి వరసగా నిలబడతాయి. ముందు ముసలివి, తర్వాత పిల్లతల్లులు. మగవి చివర. ఎంత మర్యాదనుకున్నారు! పిల్లతల్లి ఒకటి సంచిలోంచి పిల్లని తీసి, ఒకసారి అటు ఒకసారి ఇటు తిప్పి కాచుకుని, మళ్ళీ సంచిలో వేసుకుంటుందండి. నా కళ్ళతో చూశాను."

శేషుకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒళ్ళో ఉన్న పిల్లని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. అడవిలో ఉండే కంగారూకి దొరికిన వెచ్చదనం ఈ చంటిదానికి దొరకలేదే అనిపించింది.

"మరి కరెంటు బిల్లు?" అన్నాడు శివప్రసాద్. వచ్చిన పని గుర్తుంది ఆ మనిషికి.

"బిల్లా? ఉండండి, అసలు సంగతి చెప్పనివ్వండి. మొన్న మరీ చలేసిన రోజు పూర్తిగా తిప్పాను మీట. ఏమైందో ఊహించండి చూద్దాం? ఇంట్లోకి వేడి వస్తే, ఆ వేడి తీసేసిన చలి ఎక్కడికో పోవాలిగా? ఆ డబ్బా ముందే, పెరట్లో పడింది! వడ్లు తూర్పారబట్టినప్పుడు పొట్టు పడ్డట్టు చలి గుట్టగా పడిందండి. ఇంటి కప్పంత గుట్ట. మంచుకొండలకి ఆటలకని పోయేవాళ్ళు కార్లు వెనక్కి తిప్పుకుని మా పెరట్లోకే వచ్చేశారు. కాళ్ళకి బద్దలు కట్టుకుని జారడం, ఎక్కడం, జారడం. మంగళ వాళ్ళకి టీలు పొయ్యలేక..."

"ఆగు నాయనా" అంది శేషుకుమారి.

మెల్లిగానే అంది. కానీ వీరబాబు ఆగాడు.

"ఇందాక ఆ డబ్బా ముందు వేడిగాలి వస్తుందన్నావు. కరివేపాకు పెరిగింది, కంగారూలు కాచుకున్నాయి అన్నావు. ఇప్పుడు అక్కడే చలి గుట్టపడింది అంటున్నావు. రెండూ ఒక్కచోటే ఎలా పడతాయి?"

వీరబాబు జారిన రగ్గు ఎత్తి మళ్ళీ మెడదాకా లాక్కున్నాడు.

"నేను నిన్ను తప్పుపట్టడం లేదు బాబూ. నాకు తెలియక అడుగుతున్నాను. వేడిగాలే అయితే ఈ పిల్లకి దాని ముందే కూచుని నూనె రాసేస్తాను. ఇదిగో, నూనె కూడా తెచ్చాను. కంగారూలు వచ్చినా ఫర్వాలేదు, చివర్న కూచుంటాను." పిల్లని అల్లుడి చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఇంటి పక్కకి నడిచింది.

"పిన్నిగారూ, అటు వద్దండి, తడి... కాలు జారుద్ది..." అని వీరబాబు లేచేలోపే ఆవిడ మలుపు తిరిగిపోయింది.

అక్కడ కంగారూలు లేవు. గోడకి ఆనుకుని ఒక డేరా ఉంది. పాత బొంత, దానిమీద నీలం ప్లాస్టిక్ పట్టా, చుట్టూ తాడు, అంచుల మీద ఇటుకలు. పట్టాకి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు, పైన ఒక నిమ్మకాయ. లోపల్నుంచి ఎవరో జ్వరం వచ్చినవాళ్ళు మూలుగుతున్నట్టు చప్పుడు. శేషుకుమారి భయంభయంగా బొంత అంచు ఎత్తింది.

లోపల్నుంచి వచ్చిన గాలికి ఆవిడ వేళ్ళు కొంకర్లు పోయాయి. బయటి చలి దాని ముందు ఎండలా ఉంది. యంత్రానికి తెల్లటి గడ్డంలాగ మంచు పేరుకుపోయింది. దాని ముందు కుండీలో కరివేపాకు మొక్క, ఆవిడ మోకాలెత్తు కూడా లేదు, ఆకులన్నీ నల్లగా మాడి వేలాడుతున్నాయి.

ఆవిడ కుండీ ఎత్తుకుని వెనక్కొచ్చింది. వరండాలో వీరబాబు కాళ్ళ దగ్గర మెల్లిగా దించింది. ఒక నల్లాకు తెగి ఆయన చెప్పు మీద పడింది.

ఇమాద్ కుండీ చుట్టూ చూసి, "అంకుల్, ట్రాము దీనిదాంక వస్తదా?" అన్నాడు.

తలుపు బార్లా తెరుచుకుంది. మంగళ! రెండు స్వెట్టర్లు, ఊలుటోపీ, మీద శాలువా. ఆవిడతో పాటు ఇంట్లోంచి వచ్చిన గాలికి వరండాలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి భుజాలు ముడుచుకున్నారు.

"ఇప్పటికైనా అడగండి పిన్నిగారూ ఈయన్ని! పెట్టినవాడు చెప్పాడు, వెచ్చబెట్టేటప్పుడు బయటికి చల్లగాలే వస్తుంది, చుట్టూ గాలి ఆడనివ్వండి అని. వింటేనా! ఏసీ గురించి నాకు చెప్తాడా, భీమవరంలో పుట్టాను నేను, అని మొక్కని పెట్టారు. మొక్క వాలిపోతుంటే వేడి బయటికి పోతోందని బొంత కప్పారు. అది కుయ్యోమంటే దిష్టి తగిలిందని నిమ్మకాయ పెట్టారు. నెలనుంచీ ఇంట్లో గడ్డకట్టుకుపోతున్నాను. అడిగినవాళ్ళకి ఉక్క అని చెప్పమంటారు!"

వీరబాబు రగ్గు తీసి తలమీంచి కప్పుకున్నాడు.

శేషుకుమారికి కోపం రాలేదు. ఆవిడ ఇంకా ఆ గాలినే తలుచుకుంటోంది. అంత చల్లటి గాలి! మనం చెమటలు పట్టి నీరసపడ్డట్టు, ఆ గాలిలో ఉన్నదేదో ఎవరో పిండేసుకున్నట్టు. పిండుకున్నది ఏమిటి మరి? "బాబూ, అది వదిలిన గాలినే అది మళ్ళీ పీలుస్తోంది. ముక్కు మూసేసి ఊపిరి పీల్చమంటే ఎలా? ముందు ఆ బొంత తియ్యండి" అంది.

ఇమాద్, శివప్రసాద్ వెళ్ళి తాడు విప్పి పట్టా లాగేశారు. యంత్రం బుస్సుమని ఆగింది. పోయిందనుకున్నారు. మంచుగడ్డం కరిగి నీళ్ళు కారాయి. కాసేపటికి అదే మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది, ఈసారి మూలుగు లేదు.

అందరూ హాల్లోకి వెళ్ళి కూర్చున్నారు. మొదట ఎవరి రగ్గు వాళ్ళు కప్పుకునే కూర్చున్నారు. శేషుకుమారి నూనె సీసా తీసి ఇంట్లోకి వేడి వదిలే గోడమీది యంత్రానికి ఎదురుగా బల్లమీద పెట్టి, దాన్నే చూస్తూ ఉంది. దేవుడి దగ్గర దీపాన్ని కూడా ఆవిడ అంత దీక్షగా చూసి ఉండదు. ఇమాద్ మఫ్లరు తీశాడు. మంగళ టోపీ తీసింది, తర్వాత ఒక స్వెట్టరు తీసింది, మొగుడివైపు ఒక చూపు చూసి రెండోది కూడా తీసింది.

శివప్రసాద్ ఫోన్ మోగింది. పనివాడు.

"అత్తయ్యగారూ, ఏం చెప్పమంటారు?"

"ఉండండి బాబూ." సీసా చేతిలోకి తీసుకుంది. తెల్లటిరాయి నీళ్ళలో పడవలాగ తేలుతోంది. వంచితే అరచేతిలో ఒక చుక్క పడింది, ఇంకో చుక్క, తర్వాత ధార. ఆవిడ ఆ అరచెయ్యిని కిటికీలోంచి కనపడే, నీడలో ఇంకా కరగని తెల్లగడ్డికేసి చాపి, మళ్ళీ తనవైపు తిప్పుకుని చూసుకుంది. "ఈ బయట నుంచేనా!" అని గొణుక్కుంది.

"అత్తయ్యగారూ, వాడు లైన్లో ఉన్నాడు."

"పెట్టమనండి. ఎవర్నీ బొంత మాత్రం కప్పనివ్వద్దు."

మంగళ వేణ్ణీళ్ళు కాచి తెచ్చింది. శేషుకుమారి హాలు మధ్యలో ప్లాస్టిక్ టబ్బు వేసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపి, మనవరాల్ని కాళ్ళ మీద బోర్లా వేసుకుంది. నెలనుంచీ బొడ్లో మోసిన నూనె ఆ చిన్న వీపు మీద జారిపోయింది. నీళ్ళు పడగానే పిల్ల ఒక్కసారి ఉలిక్కిపడింది. గుక్కపట్టబోయింది. మూడో చెంబుకి ఏడుపు మర్చిపోయి, ఒళ్ళు విరుచుకుని, అక్కడే నిద్రపోయింది.

వీరబాబు అప్పటిదాకా మూలన కూర్చుని ఉన్నాడు. వెచ్చదనం తగిలాక ఆయనకీ ప్రాణం లేచొచ్చింది. రగ్గు మడతపెట్టి పక్కన పెట్టి, కుర్చీ కాస్త ముందుకి లాక్కున్నాడు.

"చెప్పానా లేదా పిన్నిగారూ? చలిగాలిలోంచి వేడి లాగుతుందని నేను ముందే చెప్పానా లేదా?"

"చెప్పావు నాయనా" అంది శేషుకుమారి, పిల్లని తువ్వాల్లో చుడుతూ. "పిండి నడిచిందన్నావు, నమ్మాను. కంగారూలు వరసలో నిలబడ్డాయన్నావు, నమ్మాను. నువ్వు చెప్పినవాటిలో అదొక్కటే నమ్మలేదు. తీరా చూస్తే అదొక్కటే నిజం!"